పశువులాసుపత్రి బోర్డు మీద హస్బెండ్

మా అత్తయ్యగారికి అరవై దాటాక ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకోవాలన్న కోరిక పుట్టింది. అందుకు కారణం ఫోను. మా వారు ఏలూరులో కొని తెచ్చిన ఆ ఫోనులో పేర్లన్నీ ఇంగ్లీషులో ఎక్కించి ఉన్నాయి. ఆవిడ ఐదో తరగతి వరకు చదువుకున్నారు. తెలుగు పేపరు ప్రకటనలతో సహా వదలకుండా చదువుతారు గానీ, ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ రాదు. పేరు ఎంత పొడుగుందో చూసి మనిషిని గుర్తుపట్టేవారు. ఒకరోజు తమ్ముడనుకుని పాలకేంద్రం ఆయనకి ఫోను చేసి, మోకాలి నొప్పి ఎలా ఉంది, మందులు వాడుతున్నావా, మెట్లెక్కడం మానేశావా అని ఐదు నిమిషాలు అడిగారు. ఆయన మర్యాదస్తుడు. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివర్లో రేపు పాలు పోస్తారాండీ అని అడిగారట.

ఆ సాయంత్రం ఆవిడ నోటుపుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. నేను పక్క ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. పేర్లన్నీ తెలుగులోకి మార్చేస్తానండీ, కాసేపటి పని అన్నాను. ఒప్పుకోలేదు. ఫోను మారుస్తావు సరే, బస్సు బోర్డులు మారుస్తావా, మందు సీసాలు మారుస్తావా, ఎరువు బస్తాలు మారుస్తావా అని అడిగారు. పాఠం మొదలైంది.

ముందు ఫోనులో ఉన్న పేర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాం. మామయ్యగారి నంబరు దగ్గర ఆగాం. మా వారు దాన్ని తండ్రి పేరుతో ఎక్కించారు. అది తీసెయ్యమన్నారు అత్తయ్యగారు. నలభై ఏళ్ళ పైబడి కాపురం చేసినా ఆవిడ ఆయన పేరు పలకగా నేను వినలేదు. ఎదురుగా ఉంటే "ఏవండీ", లేనప్పుడు నాతో "మీ మామయ్యగారు", పాలకేంద్రం వాళ్ళతో "మా ఆయనగారు". నోటితో అనని పేరు ఫోనులో వెలుగుతూ ఉండడం ఆవిడకి నచ్చలేదు. మామయ్య అని పెట్టనా అంటే, ఆయన నీకు మామయ్య గానీ నాకు కాదు కదా అన్నారు. సరేనని పెద్దక్షరాలతో హస్బెండ్ అని కొట్టాను. అంటే ఏమిటో చెప్పక్కర్లేకపోయింది. ఊళ్ళో కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిలందరి నోటా వింటున్న మాటే అది.

ఆ మాట గురించి నాకూ కొంత అనుభవం ఉంది. మా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. మా నాయనమ్మ పెనిమిటి అనేది. అమ్మ మీ నాన్నగారు అనేది. దరఖాస్తుల్లో భర్త ఉంటాడు, తగువుల్లో మొగుడు ఉంటాడు. మా స్టాఫ్‌రూములో ఆడ టీచర్లం ఆరుగురం. రోజుకి పదిసార్లు మా హస్బెండ్ ఇలా అన్నారు, మా హస్బెండ్ అలా చేశారు అనుకుంటాం. మా వారు అంటే మరీ వినయంగా ఉంటుందని ఒకావిడ, మా ఆయన అంటే మరీ చనువుగా ఉంటుందని ఇంకొకావిడ. హస్బెండ్ అయితే ఏ ఇబ్బందీ లేదు. మనది కాని మాట కాబట్టి మొహమాటం లేకుండా వాడేస్తాం. అంతకుమించి దాని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

అత్తయ్యగారు అన్నిటికంటే ముందు చదవడం నేర్చుకున్న మాట అదే. ఎందుకంటే ఆ ఫోనుకి ఎక్కువగా వచ్చేవి ఆయన ఫోన్లే. పొద్దున్న చేలోకి వెళ్ళిన దగ్గర నుంచి నాలుగైదుసార్లు చేసేవారు. గేదెకి కుడితి పెట్టావా, మునగాకు కోసుకురానా, కొట్టు నుంచి ఏమైనా కావాలా. పెద్ద సంగతులేమీ ఉండవు. ఫోను మోగగానే ఆవిడ దాన్ని కాస్త దూరంగా పట్టుకుని హెచ్, యు, ఎస్ అని ఏడక్షరాలూ కూడబలుక్కుని, ఆ తరువాతే ఎత్తేవారు. అవతల ఆయన విసుక్కునేవారు. చదువుతున్నానండీ అని చెప్పేవారు ఈవిడ.

ఒక సెలవురోజు మా గేదెదూడకి పారుడు పట్టుకుంది. రెండు రోజులుగా పాలు తాగక నీరసించిపోయింది. మామయ్యగారు చేలో ఉండడంతో, ట్రాలీ ఆటో మాట్లాడుకుని, అత్తయ్యగారూ నేనూ దాన్ని పశువులాసుపత్రికి తీసుకువెళ్ళాం. డాక్టరుగారు దూడకి సూదిమందు ఇచ్చి, కాసేపు చూసి పంపిస్తానన్నారు. వసారాలో బల్ల మీద కూర్చున్నాం. అత్తయ్యగారు అలవాటుగా గోడల మీద కనిపించినవన్నీ కూడబలుక్కుంటున్నారు. అంతలో గేటు పక్కన బోర్డు వైపు చూసి ఆగిపోయారు. లేచి దగ్గరికి వెళ్ళి వేలితో ఒక్కొక్క అక్షరమూ ముట్టుకుని చూసి తిరిగి వచ్చారు.

"అమ్మాయ్, పశువులాసుపత్రి బోర్డు మీద మీ మామయ్యగారి మాట ఎందుకుందమ్మా?"

నేను చూశాను. యానిమల్ హస్బెండ్రీ. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా చూస్తూ ఉన్న బోర్డే. అందులో హస్బెండ్ ఉన్నాడని నాకెప్పుడూ తట్టలేదు. పక్కన గేదెకి కట్టు కడుతున్న ఆసుపత్రి ఉద్యోగి నవ్వు ఆపుకోలేకపోయాడు. గేదెలకి కూడా ఉంటారు కదండీ అన్నాడు. అత్తయ్యగారు నవ్వలేదు. ఆవిడ నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. అది వేరే మాటండీ అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. ఏడక్షరాలూ అవే ఉన్నాయి, వరస కూడా మారలేదు, చివర రెండక్షరాలు ఎక్కువ, అంతే కదా అన్నారు. అక్షరాలు నేర్పింది నేనే. ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టి పధ్నాలుగేళ్ళయింది. నాకు తెలియదని చెప్పడానికి నోరు రాలేదు గానీ చివరికి చెప్పాను. తెలుసుకుని చెప్పు అన్నారు ఆవిడ. దూడని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చాం.

మర్నాడు స్కూలు లైబ్రరీలో అట్ట ఊడిన పెద్ద నిఘంటువు దించి, మధ్యాహ్నం భోజనాల వేళంతా దానితోనే కూర్చున్నాను. చదువుతున్న కొద్దీ నాకే ఆశ్చర్యం వేసింది. సాయంత్రం ఇంటికి రాగానే వసారాలో అత్తయ్యగారి పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. మామయ్యగారు కాస్త అవతల స్టూలు మీద కూర్చుని దూడకి కొత్త పలుపు పేనుతున్నారు. వింటున్నట్టు కనిపించలేదు.

హస్బెండ్ అన్నది అసలు ఇంగ్లీషు వాళ్ళ సొంత మాట కాదు. ఎప్పుడో సముద్రం దాటి పడవల్లో వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన ఉత్తరాది జనం తెచ్చిన మాట. హస్ అంటే ఇల్లు. బొండి అంటే ఒకచోట నిలిచి ఉండి భూమి చేసుకునేవాడు. రెండూ కలిపితే సొంత ఇల్లూ వాకిలీ ఉన్న మనిషి. ఆ తరువాత రైతుని కూడా అదే మాటతో పిలిచారు. రైతు చేసే పని హస్బెండ్రీ అయింది, సేద్యమూ పశువుల పెంపకమూ రెండూ కలిపి. ఇల్లున్న మగవాడికి సాధారణంగా పెళ్ళయి ఉంటుంది కాబట్టి మెల్లగా మొగుడు అనే అర్థం వచ్చి చేరింది. రైతు అనే అర్థం జారిపోయి, మొగుడొక్కడే మిగిలాడు. పాత అర్థం పశువులాసుపత్రి బోర్డు మీద ఉండిపోయింది.

"అయితే ముందు రైతు, తరవాతే మొగుడు," అన్నారు అత్తయ్యగారు.

"అవునండీ."

"ఇల్లూ చేనూ ఉంటే చాలన్నమాట." మామయ్యగారి వైపు తిరిగారు. "మీకు రెండూ ఉన్నాయి లెండి."

అప్పుడు మామయ్యగారు పలుపు పేనడం ఆపారు. మనకీ అంతే కదమ్మా అన్నారు నాతో. కాపురం అంటే ఉండడం. ఫలానా ఊళ్ళో కాపురం అంటాం, అక్కడ ఉంటున్నామని. ఆ కాపురమే మొగుడూ పెళ్ళాల కాపురం కూడా అయింది. ఆయన తాతగారి నాటి పాత కాగితాల్లో కాపులు అంటే కులం కాదట, ఊళ్ళో ఉండి చేను చేసుకునేవాళ్ళందరూ కాపులేనట. ఆ కాపూ ఈ కాపురమూ ఒక వేరు నుంచే వచ్చి ఉంటాయి అన్నారు. భాషా పండితులు ఏమంటారో నాకు తెలియదు. ఆ రోజు నేను తెచ్చిన దానికంటే ఆయన చెప్పిందే నాకు బాగా నచ్చింది.

అత్తయ్యగారు ఇంకొకటి అడిగారు. మరి వైఫ్ అంటే ఏముంది, అందులో ఇల్లుందా, చేనుందా? లేదండీ, పాత రోజుల్లో వైఫ్ అంటే ఉత్త ఆడమనిషి అనే అర్థం అన్నాను. ఆడమనిషికి ఏమీ లేదన్నమాట అంటూ ఆవిడ, పొయ్యి మీద పాలు ఉన్నాయని గుర్తొచ్చి లోపలికి వెళ్ళిపోయారు.

ఇదంతా వానాకాలం పంట సార్వా కోతలకి ముందు జరిగింది. రెండో పంట దాళ్వా నాట్లు పూర్తయిన పదో రోజున మామయ్యగారు చేను గట్టు మీద జారిపడ్డారు. గట్టుకి ఎండ్రకాయ బొరియ పడి లోపల డొల్లయింది. దాని మీద కాలు వేయగానే మట్టి కూలింది. తొడ ఎముక విరిగింది. ఏలూరులో ఆపరేషను చేసి లోపల రాడ్డు వేశారు. మూడు నెలలు కాలు కింద మోపకూడదన్నారు.

మా ఊరు గుండుగొలనుకి దిగువన, కొల్లేటి వైపు ఉంటుంది. కాలవకి చిట్టచివరి శివారు చేలు మావి. అక్కడి నుంచి కలిదిండి దాకా ఎటు చూసినా చేపల చెరువులే. మా మూడెకరాలకీ మూడు వైపులా చెరువులున్నాయి. ఆ చెరువుల ఆసామి చాలా ఏళ్ళుగా మా చేనుని లీజుకి అడుగుతూనే ఉన్నారు. మామయ్యగారు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన వారానికి పలకరించడానికి వచ్చి, పళ్ళ సంచీ మంచం పక్కన పెట్టి, మళ్ళీ అడిగారు. ఒకసారి చెరువు తవ్వితే అది మళ్ళీ వరి చేను కావడం కల్ల. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

ఆయన వెళ్ళాక మా వారు ఇచ్చేద్దామన్నారు. మా వారి ఉద్యోగం తాడేపల్లిగూడెంలో. తెల్లారి భీమడోలులో రైలెక్కితే చీకటిపడ్డాకే ఇంటికి. నాకు స్కూలు. పైగా నాకు వరికీ గడ్డికీ తేడా తెలియడానికే రెండేళ్ళు పట్టింది. ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. మామయ్యగారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

"ఈ పంట నేను చూస్తానండీ," అన్నారు అత్తయ్యగారు. మా వారితో కాదు, మంచం మీద ఉన్న ఆయనతో.

ఆవిడకి చేను కొత్త కాదు. నాట్లకీ కలుపుకీ కూలీలతో పాటు దిగి చేసిన మనిషే. కానీ నీళ్ళు ఆవిడ ఎప్పుడూ చూడలేదు. మా వైపు నీళ్ళు పెట్టడం మగవాళ్ళ పని. దాళ్వాలో కాలవకి నీళ్ళు తక్కువ. వంతులవారీగా వదులుతారు. మన వంతు రోజున తూము దగ్గర ఉండి పెట్టుకోవాలి. శివారు వాళ్ళకి పైవాళ్ళందరూ పెట్టుకోగా మిగిలినవే వస్తాయి.

మొదటి వంతు నాడే దెబ్బతిన్నారు. తూము తీసి నీళ్ళు నిండుతున్నాయని చూసుకుని, గేదెకి మేత వేసి వద్దామని ఇంటికి వచ్చారు. తిరిగి వెళ్ళేసరికి తూర్పు మూల గట్టుకి గండి పడి, నీళ్ళన్నీ పక్క మురుగు కోడులోకి పోతున్నాయి. ముందురోజు చల్లిన ఎరువు కూడా కొట్టుకుపోయింది. ఒక్కరే మట్టి ఎత్తి గండి పూడ్చి, మోకాళ్ళ దాకా బురదతో ఇంటికి వచ్చారు. నాతో చెప్పలేదు. తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి ఆయనకి చెప్పారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. మామయ్యగారు కోపిష్టి. కేకలు వేస్తారనుకున్నాను. ఆయన ఏ మూల అని మాత్రం అడిగారు. తూర్పు మూల అన్నారు ఆవిడ. నాదే తప్పు, అది నీకు ముందే చెప్పాల్సింది అన్నారు ఆయన.

మర్నాడు మామయ్యగారు నన్ను క్యాలెండరులో పాత కాగితం చింపి ఇమ్మన్నారు. దాని వెనక చేను బొమ్మ గీశారు. ఎక్కడ పల్లం, ఎక్కడ మెరక, ఏ గట్టుకి ఎండ్రకాయలు బొరియలు పెడతాయి, ఏ వైపు నుంచి చేపల చెరువు ఊట వస్తుంది, ఏ మడి నిండితే ఏ మడిలోకి వదలాలి. ఆయనకి గీయడం రాదు. మడులన్నీ దిండ్లలా వచ్చాయి. అత్తయ్యగారు మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, పదిరోజుల పాటు ఆ కాగితం మీద పాఠం చెప్పించుకున్నారు. నా దగ్గర నేర్చుకున్నప్పుడు ఎలా ఎదురు ప్రశ్నలు వేశారో అక్కడా అలాగే వేశారు. పల్లం మడికి ముందెందుకు పెట్టకూడదు, ఊట వచ్చేచోట నీళ్ళు తగ్గించొచ్చు కదా అని. ఆ రెండో మాట విని ఆయన కాసేపు ఆలోచించి, ఇన్నేళ్ళలో అలా చేసి చూడలేదు, చూడు అన్నారు. నీళ్ళు కొంచెం మిగిలాయి కూడా.

ఫోన్లు ఇప్పుడు అటు తిరిగాయి. ఆవిడ చేలో నుంచి వీడియో కాల్ చేసి చేను చూపించేవారు. ఫోను ఎటు పట్టుకోవాలో తెలియక ఎక్కువసేపు ఆకాశం, కొంగలు, ఆవిడ చెవి కనిపించేవి. ఆయన విసుక్కోకుండా చూసేవారు. ఆకు పచ్చగానే ఉందా అని అడిగేవారు. ఉందండీ, మీకు కనపడడం లేదా అని ఆవిడ. కనపడుతోంది, కనపడుతోంది అని ఆయన.

మాఘం దాటాక కాలవలో నీళ్ళు ఇంకా తగ్గాయి. ఒక మధ్యాహ్నం మా వంతు నాడు నీళ్ళు రాలేదు. పైన ఎవరో అడ్డుకట్ట వేసుకున్నారు. ఆ రోజు స్కూలు ఒంటిపూట కావడంతో నేను కూడా వెళ్ళాను. కాలవ గట్టు మీద నలుగురు రైతులున్నారు. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. మీరెందుకండీ ఈ ఎండలో, మీ అబ్బాయిని పంపించండి, మేం మాట్లాడుకుంటాం అన్నారు. అత్తయ్యగారు కొంగు నడుముకి దోపుకుని అక్కడే నిలబడ్డారు.

"మా అబ్బాయికి చేను సంగతి తెలియదండీ. చూసేది నేను. మాటేదో నాతోనే మాట్లాడండి."

గొంతు పెంచలేదు. వాళ్ళ చేలకి ఏ రోజు ఎంతసేపు నీళ్ళు పారాయో ఒక్కొక్కరికీ చెప్పారు. వాళ్ళకే అంత గుర్తు లేదు. మీరు ఎక్కువ పెట్టుకున్నారని నేననడం లేదండీ, మా చేను నోరు తెరుచుకుని ఉంది, ఇవాళ్టికి మాకు వదలండి అన్నారు. కాసేపటికి ఒకాయన లేచి వెళ్ళి అడ్డుకట్ట తీశారు. నీళ్ళు మా చేలోకి వచ్చేదాకా ఇద్దరం తూము దగ్గరే కూర్చున్నాం. అక్కడే నాకు నిఘంటువులో చదివి కూడా చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటి గుర్తొచ్చింది. హస్బెండ్ అన్నది ఇంగ్లీషులో పని కూడానండీ అన్నాను. ఉన్నదాన్ని దుబారా చేయకుండా, చివరిదాకా సరిపడేటట్టు జాగ్రత్తగా వాడడాన్ని అలా అంటారు. నీళ్ళైనా, గింజలైనా, మనిషి ఓపికైనా. ఆ పని మగవాళ్ళే చేయాలని ఎక్కడా లేదు.

ఆవిడ తూములోకి చెయ్యి పెట్టి అడ్డుపడిన గుర్రపుడెక్క లాగి గట్టు మీద పడేశారు. ఈ ముక్క ఆ రోజే చెప్పొచ్చు కదమ్మా అన్నారు. చెప్పొచ్చు. నాకు అప్పుడది గొప్పగా అనిపించలేదు.

చేను పంటకి వచ్చింది. మామయ్యగారి చేతి పంట అంత కాదు. తూర్పు మూల మడి పలచబడింది. కానీ మిగతా చేనంతా బాగానే పండింది. చెరువుల ఆసామి మరోసారి పలకరించడానికి వచ్చి లీజు మాట ఎత్తినప్పుడు మామయ్యగారు మంచం మీద లేచి కూర్చుని, వంటింటి వైపు చెయ్యి చూపించి, ఆవిడనడగండి అన్నారు. ఆయన ఆవిడనడగలేదు. టీ తాగి వెళ్ళిపోయారు.

కోతల ముందు ఒక ఉదయం మామయ్యగారు చేతికర్ర సాయంతో మొదటిసారి చేలోకి వచ్చారు. మా వారు స్కూటరు మీద రోడ్డు చివరిదాకా దింపితే, అక్కడి నుంచి గట్టు మీద మెల్లగా నడిచారు. అత్తయ్యగారు ముందు నడుస్తూ కాలు వేయకూడని చోట్లన్నీ చెబుతున్నారు. చేను మధ్య గట్టు మీద ఆయన కోసం బస్తా పరిచారు. ఆయన కూర్చుని చాలాసేపు నాలుగు వైపులా చూశారు. ఏదో ఒక వంక పెడతారని నేను ఎదురుచూశాను. పెట్టలేదు. బాగుంది అని కూడా అనలేదు.

"ఇదిగో, కోతకి ఎప్పుడు చెబుదామంటావు?" అని అడిగారు.

ఆవిడ వంగి ఒక వెన్ను తెంపి, రెండు గింజలు పంటికింద పెట్టి కొరికారు. లోపల ఇంకా కాస్త పచ్చిగా ఉన్నట్టుంది, ఇంకో వారం ఆగుదామండి అన్నారు. ఆయన చెయ్యి చాచారు. ఆ వెన్ను ఆయన చేతిలో పెట్టారు. ఆయన కూడా ఒక గింజ కొరికి చూసి, వారం అక్కర్లేదు, ఐదు రోజులు చాలు అన్నారు. ఆవిడ వారం అన్నారు. వారమే ఆగాం.